“మీ ఇంట్లో ఎవరికైనా ఎగ్జిమా ఉందా?” – పాక్స్ వ్యాక్సిన్ల పరిశోధకులకు ఒక బహిరంగ లేఖ

మశూచి, మంకీపాక్స్ (ఇప్పుడు ఎంపాక్స్ అంటున్నారు) లాంటి జబ్బులు తెచ్చే పాక్స్ వైరస్‌లకు వ్యాక్సిన్లు తయారుచేస్తున్న పరిశోధకులకు, ఆ పనికి నిధులిచ్చే సంస్థలకు, వాటికి అనుమతులిచ్చే అధికారులకు నమస్కారం.

నేను ఒక వైరాలజీ ల్యాబ్‌లో సెల్ కల్చర్ టెక్నీషియన్‌ని. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. కణాలు పెంచుతాను, వైరస్‌ని పలుచన చేసి ప్లేట్లలో పోస్తాను, రెండు మూడు రోజులు ఆగి రంగు వేసి చుక్కలు లెక్కపెడతాను. ప్రయోగం ఎలా ఉండాలో ఆలోచించేది మీరు, దాన్ని చేతులతో చేసేది మాలాంటి వాళ్ళం. ఒక తల్లిగా కూడా ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ రెండూ ఎక్కడ కలిశాయో ముందు చెప్పాలి.

ల్యాబ్‌లో చేరిన రెండో ఏడు వ్యాక్సీనియా వైరస్ మీద పని మొదలైంది. మశూచి టీకాలో వాడిన వైరస్ అదే. దానితో పనిచేసేవాళ్ళు ముందు ఆ టీకా వేయించుకోవాలన్నారు. పొరపాటున సూది గుచ్చుకున్నా, కంట్లో ఒక చుక్క పడినా ఇబ్బంది రాకూడదని. సరేనన్నాను. ఫారం ఇచ్చారు. గుండె జబ్బు ఉందా, గర్భవతినా, స్టెరాయిడ్లు వాడుతున్నానా అని వరుసగా ప్రశ్నలు. అన్నిటికీ ‘లేదు’ అని టిక్ పెట్టుకుంటూ వచ్చాను. ఒక ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. “మీ ఇంట్లో ఎవరికైనా ఎగ్జిమా ఉందా? గతంలో వచ్చి తగ్గిందా?”

మా పాపకి అప్పుడు రెండేళ్ళు. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక చర్మం ఎప్పుడూ ఎర్రగా కందిపోయి ఉండేది. నిద్రలో గోక్కునేది. పొద్దున చూస్తే దుప్పటి మీద సన్నటి రక్తపు చారలు కనిపించేవి. గోళ్ళు పొట్టిగా కత్తిరించి, చేతులకి మెత్తటి గుడ్డ తొడుగులు వేసి పడుకోబెట్టేదాన్ని. ఆ ప్రశ్న పక్కన ‘ఉంది’ అని రాశాను. నాకు టీకా వేయలేదు, వేరే బెంచీకి మార్చారు.

మార్చడం సరైన పనే. ఆ విషయంలో నాకు ఎవరి మీదా కోపం లేదు. కానీ ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే మనసంతా అదే. భూమ్మీద నుంచి మశూచినే తుడిచిపెట్టిన టీకా, మా ఇంటి గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో మీకు తెలుసు. ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ళ కోసం చెప్తాను. మశూచి టీకాలో ఉండేది ప్రాణమున్న వైరస్. రెండు మొనల సూదిని ఆ ద్రవంలో ముంచి భుజం మీద పదిహేను సార్లు పైపైన పొడుస్తారు. మూడు నాలుగు రోజుల్లో చిన్న పొక్కు లేస్తుంది, వారానికి చీము పడుతుంది, ఆ తర్వాత చెక్కు కడుతుంది. మూడు వారాలకి ఆ చెక్కు రాలి మచ్చ మిగులుతుంది. పాత తరం వాళ్ళ భుజం మీద కనిపించే గుండ్రటి మచ్చ అదే. చెక్కు రాలేదాకా ఆ పుండులో వైరస్ బతికే ఉంటుంది. ఆ చేత్తో బిడ్డను ఎత్తుకుంటే, అదే తువ్వాలుతో బిడ్డను తుడిస్తే వైరస్ బిడ్డకి అంటుతుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం దాన్ని ఆపుతుంది. ఎగ్జిమాతో చిట్లిన చర్మం ఆపలేదు.

2007లో అమెరికాలో సరిగ్గా ఇదే జరిగింది. సైన్యంలో మశూచి టీకా వేయించుకున్న ఒక తండ్రి సెలవు మీద ఇంటికి వచ్చాడు. ఎగ్జిమా ఉన్న 28 నెలల కొడుక్కి వైరస్ అంటుకుంది. ఒళ్ళంతా పొక్కులు, ఐసీయూ, నలభై ఎనిమిది రోజులు ఆసుపత్రిలో. బిడ్డ తల్లికీ సోకింది. టీకా వేయించుకున్నవారి రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు ఇచ్చారు, అప్పటికి ఇంకా ప్రయోగదశలో ఉన్న టెకోవిరిమాట్ మందు కూడా ఇచ్చారు. బాబు బతికాడు. తర్వాత ఆ ఇంటికి వెళ్ళి పరీక్షిస్తే వాడుకునే వస్తువుల మీద కూడా వైరస్ ఆనవాళ్ళు దొరికాయి. ఆ రిపోర్ట్ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఆ ఫారంలో ‘లేదు’ అని రాసుంటే?

పాత టీకాను తక్కువ చేసి మాట్లాడటానికి ఇదంతా చెప్పడం లేదు. మశూచి ఒక్క ఇరవయ్యో శతాబ్దంలోనే దాదాపు 30 కోట్ల మందిని పొట్టన పెట్టుకుందని అంచనా. తీవ్రమైన రకం సోకిన ప్రతి పదిమందిలో ముగ్గురు పోయేవాళ్ళు. 1977లో సోమాలియాలో ఆఖరి సహజ కేసు, 1980 మేలో నిర్మూలన ప్రకటన. మనుషులకి వచ్చే ఏ ఇతర జబ్బు విషయంలోనూ ఇప్పటిదాకా ఇది సాధ్యం కాలేదు. మరి ఆ టీకా ఎంత మందికి హాని చేసింది? 1968లో అమెరికాలో పది రాష్ట్రాల్లో సర్వే చేశారు. మొదటిసారి టీకా వేయించుకున్న ప్రతి పది లక్షల మందిలో సుమారు 39 మందికి ఎగ్జిమా మీద వైరస్ పాకింది, 12 మందికి మెదడువాపు వచ్చింది. పది లక్షలకి ఒకరిద్దరు చనిపోయేవారు. మశూచి ఊళ్ళ మీద పడుతున్న రోజుల్లో ఆ లెక్క చూసి ఎవరూ వెనక్కి తగ్గలేదు, తగ్గి ఉండకూడదు కూడా. జబ్బు పోయాక మాత్రం అదే లెక్క బరువైపోయింది. పాత టీకా స్థానంలో 2007లో అమెరికాలో అనుమతి పొందిన ఏసిఏఎం2000 శుభ్రమైన కణాల్లో పెంచిన టీకాయే. అయినా ట్రయల్స్‌లో మొదటిసారి వేయించుకున్న ప్రతి 175 మందిలో ఒకరికి గుండె కండరమో, గుండె చుట్టూ ఉండే పొరో వాచింది. వైరస్ పాత స్వభావం అలాగే ఉంది మరి.

ఇక నా బెంచీ దగ్గరికి వస్తాను. వైరస్‌ని బలహీనపరచడం అంటే ఏమిటో నేను పుస్తకంలో కంటే ప్లేట్‌లో బాగా చూశాను.

వ్యాక్సీనియాని కణాల మీద పోసి, తర్వాత క్రిస్టల్ వయొలెట్ రంగు వేస్తే ప్లేటు అడుగంతా ఊదా రంగు చాపలా కనిపిస్తుంది. వైరస్ కణాలను చంపిన చోట రంగు పట్టదు, అక్కడ తెల్లగా ఒక గుండ్రటి ఖాళీ. దాన్ని ప్లాక్ అంటాం. మామూలు వ్యాక్సీనియా ప్లాక్‌లు పెద్దవి, అంచులు తోకచుక్కల్లా ఒక పక్కకి సాగి ఉంటాయి. వేరే బెంచీకి మారిన కొన్నేళ్ళకి ఎంవిఏ అనే బలహీనపరచిన వ్యాక్సీనియా రకంతో పనిచేసే అవకాశం వచ్చింది. దానికి ముందుగా టీకా అక్కర్లేదు, ఇంట్లో ఎగ్జిమా ఉన్నా ఫర్వాలేదు. ఒకే సీసాలోంచి తీసిన వైరస్‌ని రెండు ప్లేట్లలో పోశాను. ఒకదాన్లో కోడిపిండపు కణాలు, ఇంకోదాన్లో మనిషి కణాలు. మూడో రోజు కోడి కణాల ప్లేట్‌లో వైరస్ పాకిన జాడలు స్పష్టంగా కనిపించాయి. మనిషి కణాల ప్లేట్ ఊదాగా, నిండుగా, ఒక్క ఖాళీ లేకుండా అలాగే ఉంది. దాన్ని లైటుకి అడ్డం పెట్టి చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. వైరస్ లోపలికి వెళ్ళింది, తన ప్రోటీన్లు చేసింది, మన ఇమ్యూనిటీకి తన మొహం చూపించింది. కానీ పిల్ల వైరస్‌లు పూర్తిగా తయారుకాకుండా మధ్యలోనే ఆగిపోయాయి. పక్క కణానికి పాకలేదు. నా బిడ్డ చర్మం గురించి నేను కోరుకున్నది అదే కదా.

జర్మనీలో ఆంటన్ మాయర్ ఈ ఎంవిఏని తయారుచేసిన పద్ధతి ఇప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే. అంకారా నుంచి వచ్చిన వ్యాక్సీనియాని కోడిపిండపు కణాల్లో ఒకసారి పెంచి, అందులోంచి కొంచెం తీసి మళ్ళీ పెంచి, ఇలా 570 సార్లకు పైగా చేశారు. ఏళ్ళ తరబడి కోడి కణాలకే అలవాటు పడ్డ వైరస్, మనిషి శరీరంలో పనికొచ్చే జన్యువులను ఒక్కొక్కటిగా పారేసుకుంది. సుమారు రెండు లక్షల అక్షరాల జన్యుపటంలో దాదాపు 30 వేల అక్షరాలు ఎగిరిపోయాయి. 1970ల్లో జర్మనీలో లక్షా ఇరవై వేల మందికి వేస్తే తీవ్రమైన ఇబ్బందులేమీ కనిపించలేదు. ఆ తర్వాత మశూచే లేకుండా పోయింది, ఎంవిఏ ఫ్రీజర్లకి చేరింది.

దాదాపు అదే కాలంలో జపాన్‌లో హషిజుమే అనే శాస్త్రవేత్త ఇంకో దారిలో వెళ్ళారు. లిస్టర్ అనే టీకా రకాన్ని కుందేలు కిడ్నీ కణాల్లో, 30 డిగ్రీల తక్కువ వేడిలో పెంచుతూ, ప్రతిసారీ చిన్న ప్లాక్‌లనే ఏరుకుంటూ పోయారు. చుక్కలు లెక్కపెట్టే పని తెలిసిన దాన్ని కాబట్టి అందులో ఎంత ఓపిక ఉందో నాకు అర్థమవుతుంది. వందల ఖాళీల్లో అన్నిటికంటే చిన్నదాన్ని వెతికి, పిపెట్ మొనతో గిల్లి తీసి, మళ్ళీ పెంచి, మళ్ళీ వెతకాలి. అలా వచ్చిందే ఎల్‌సి16ఎం8. ఇది మన ఒంట్లో పెరుగుతుంది గానీ పరిమితంగా పెరుగుతుంది. 1975లో అనుమతి పొందేలోపు సుమారు 50 వేల మంది పిల్లలకి వేసి చూశారు. మరుసటి ఏడే జపాన్‌లో మశూచి టీకాలు ఆపేశారు.

ఈ మెత్తటి టీకాలు చేతికి వచ్చేసరికి జబ్బే పోయిందని అప్పట్లో అందరం సంతోషించాం, సంతోషించాల్సిందే. కానీ పాక్స్ వైరస్‌ల కుటుంబం పోలేదు. కాంగోలో 1970లో ఎంపాక్స్ సోకినట్టు గుర్తించిన తొలి మనిషి తొమ్మిది నెలల పసికందు. ఆ తర్వాత యాభై ఏళ్ళు ఆ జబ్బు మధ్య ఆఫ్రికాలో పిల్లలని పట్టి పీడిస్తూనే ఉంది. 2022 జూలైలో ధనిక దేశాలకు పాకినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించింది, 2024 ఆగస్టులో మరోసారి. కాంగోకి మొదటి విడత ఎంపాక్స్ వ్యాక్సిన్ 2024 సెప్టెంబర్‌లో చేరింది. తొలి కేసు 1970, తొలి వ్యాక్సిన్ 2024. మధ్యలో యాభై నాలుగేళ్ళు. అందులో చాలా ఏళ్ళు ఈ రెండు బలహీన వైరస్‌లూ ఫ్రీజర్లలో సిద్ధంగానే ఉన్నాయి.

నేను ముందుగా అడగాలనుకున్నది ఇది. అదృష్టం మీద వచ్చిన ఈ రెండింటితో తృప్తిపడి ఆగిపోకండి. మాయర్ గానీ, హషిజుమే గానీ ఏ జన్యువు తీస్తున్నారో తెలిసి తీయలేదు. అప్పట్లో తెలుసుకునే దారి లేదు. ఇప్పుడు ఉంది. ఎల్‌సి16ఎం8 మెత్తబడటానికి ముఖ్య కారణం బి5ఆర్ అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం జారిపోవడం. ఒక్క అక్షరం జారితే అది మళ్ళీ దిద్దుకుపోవచ్చు. కణాల్లో పెంచుతున్నప్పుడు అక్కడక్కడా అలా దిద్దుకున్న వైరస్‌లు నిజంగానే కనిపించాయి. అందుకే జపాన్ పరిశోధకులే ఆ జన్యువుని మొత్తంగా తీసేసి కొత్త రకాన్ని తయారుచేసి 2005లో ప్రకటించారు. వెనక్కి మారే దారి మూసేశారు. ఎలుకల మీదే కాకుండా మనుషులకి అందే దాకా ఇలాంటి వాటిని నడిపించే ఓపిక, డబ్బు ఎవరైనా పెట్టాలి.

పాక్స్ వైరస్‌ల జన్యువుల్లో పెద్ద భాగం మన ఇమ్యూనిటీని మోసం చేయడానికే ఉన్నాయి. కొన్ని, వైరస్ వచ్చిందని కణాలు పంపే ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరికని దారిలోనే పట్టేసుకునే నకిలీ గ్రాహకాలు చేస్తాయి. ఇ3ఎల్ అనేది వైరస్ ఆర్‌ఎన్‌ఏని కణం కంటపడకుండా కప్పి ఉంచుతుంది. ఎ35 అనే జన్యువు గురించి చదివినప్పుడు నాకు చాలా ఉత్సాహం వచ్చింది. వైరస్ ముక్కలను మన ఇమ్యూనిటీలోని టీ కణాలకి చూపించే పనిని అది అడ్డుకుంటుంది. పరిశోధకురాలు రేచెల్ రోపర్ బృందం వ్యాక్సీనియాలో దాన్ని తీసేస్తే ఎలుకల్లో వైరస్ తీవ్రత బాగా తగ్గింది. ఇంకో విషయం, ఎంవిఏ అన్ని జన్యువులు పోగొట్టుకున్నా ఎ35ని మాత్రం ఉంచుకుంది. దాన్ని కూడా తీసేస్తే ఎలుకల్లో యాంటీబాడీల స్పందన ఇంకా మెరుగైందని 2011లో చూపించారు. అంటే బలం తగ్గితే రక్షణ కూడా తగ్గిపోతుందన్న పాత భయం అన్ని చోట్లా నిజం కాదు. సరైన జన్యువుని తీస్తే వైరస్ మెత్తబడుతుంది, మన శరీరం దాన్ని ఇంకా బాగా గుర్తుపడుతుంది. ఒకే కత్తిరింపుతో రెండూ వస్తున్నప్పుడు, దీన్ని ఎలుకల బోను దగ్గరే వదిలేయడం నాకు బాధగా ఉంది.

రెండోది డోసు సంగతి. ఇది లెక్కల విషయం, నిధులిచ్చే వాళ్ళు దయచేసి నిదానంగా చదవండి. ఏసిఏఎం2000, ఎల్‌సి16ఎం8 లాంటివి ఒంట్లో పెరుగుతాయి కాబట్టి సూది మొన మీద నిలిచే చిన్న బొట్టు సరిపోతుంది. అందులో రెండున్నర లక్షల వైరస్ కణాలు ఉంటే చాలు. ఎంవిఏతో ఇప్పుడు తయారుచేస్తున్న టీకా ఎంవిఏ-బిఎన్, అది పెరగదు కాబట్టి ఒక్కో డోసులో కనీసం ఐదు కోట్లు పెట్టాలి. ఆ పైన నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. అంత వైరస్‌ని కోడిపిండపు కణాల్లో పెంచాలి, శుద్ధి చేయాలి, గడ్డకట్టించి పంపాలి. ఆ పెంచే పనిలో ఎంత చాకిరీ ఉందో ఇంక్యుబేటర్ ముందు నిలబడేవాళ్ళని అడగండి. 2022లో కొరత వచ్చినప్పుడు అమెరికాలో ఒక సీసాని ఐదుగురికి పంచారు, మామూలు డోసులో ఐదో వంతు మాత్రమే చర్మం లోపల వేసి. అత్యవసరంలో అది మంచి నిర్ణయమే. కానీ ప్రతి ఉపద్రవంలోనూ పంచుకుంటూ కూర్చోలేం. పైగా రెండు డోసులు వేశాక కూడా ఏడాది తిరిగేసరికి రక్తంలో యాంటీబాడీలు బాగా పడిపోతున్నాయి.

పాత టీకా విషయంలో మాత్రం ఏమైంది? 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో, టీకా వేయించుకుని 25 నుంచి 75 ఏళ్ళు గడిచినవాళ్ళని పరీక్షిస్తే, పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఇంకా యాంటీబాడీలో, టీ కణాలో ఏదో ఒకటి నిలిచే ఉన్నాయి. ఒక్క టీకాకి జీవితకాలపు జ్ఞాపకం. 1950ల్లో లెస్లీ కోలియర్ ఆ టీకాను పొడిగా మార్చే పద్ధతి కనిపెట్టారు కాబట్టి ఎండల్లో కూడా పాడవకుండా మారుమూల పల్లెలకి వెళ్ళింది. “ఎంఆర్‌ఎన్‌ఏ వ్యాక్సిన్లు వస్తున్నాయి కదా, బతికున్న వైరస్ ఎందుకు?” అని నన్ను చాలామంది అడుగుతారు. రానివ్వండి, మంచిదే. కానీ ఒక్క డోసు, ఎన్నో ఏళ్ళ రక్షణ, ఫ్రీజర్ అక్కర్లేని పొడి రూపం, ఈ మూడూ కలిపి చేసి చూపించింది ఇప్పటిదాకా బతికున్న వైరసే. దాని బలం ఉండాలి, దాని కోపం పోవాలి. మీ నైపుణ్యం అంతా ఆ మధ్య గీత మీద పెట్టమని అడుగుతున్నాను.

ఇక నా మనసులో అన్నిటికంటే బరువుగా ఉన్న మాట. ఎంపాక్స్‌తో ఎక్కువగా బాధపడేది ఎవరు? మధ్య ఆఫ్రికాలో చిన్నపిల్లలు. కడుపులో బిడ్డని పోగొట్టుకుంటున్న గర్భిణులు. హెచ్‌ఐవి ముదిరినవాళ్ళు. ఇప్పుడు అనుమతుల కాగితాలు తీయండి. ఎంవిఏ-బిఎన్‌కి 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది 18 ఏళ్ళు నిండినవాళ్ళకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు 2024 సెప్టెంబర్‌లో పెద్దలకి వచ్చింది, తర్వాతి నెలలో 12 ఏళ్ళ వరకు దిగింది. ఎల్‌సి16ఎం8ని ఏడాది నిండిన పిల్లలకి కూడా వేయవచ్చు, అదే ఏడాది నవంబర్‌లో దానికి అత్యవసర గుర్తింపు ఇచ్చారు. కానీ గర్భిణులకి, ఇమ్యూనిటీ తగ్గినవాళ్ళకి వద్దంటారు. ఎవరికి జబ్బు ఎక్కువ ప్రమాదమో, వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఒక కాగితంలోనో, రెండింటిలోనో గళ్ళు ఖాళీగానో, ‘వద్దు’ అనో ఉంటాయి. రెండేళ్ళ నుంచి పదకొండేళ్ళ పిల్లల మీద ఎంవిఏ-బిఎన్ ట్రయల్స్ 2024లో మొదలయ్యాయి. చాలా సంతోషం. అయితే యాభై ఏళ్ళ కిందటే ఈ వైరస్ పసిపిల్లలకి సోకిందని తెలిసి కూడా ట్రయల్స్ పెద్దలతోనే మొదలుపెట్టి, పిల్లలని చివరికి ఎందుకు నెట్టారు?

మీరు చెప్పే జవాబు నాకు తెలుసు. బలహీనుల మీద ముందుగా ప్రయోగం చేయడం తప్పని. నిజమే, ముందు పెద్దలకే వేసి చూడాలి. నేను అడిగేది వరుస మార్చమని కాదు, ఆ వరుసలో మధ్యమధ్య పడుతున్న ఏళ్ళ ఖాళీలను తగ్గించమని. పెద్దల్లో భద్రత తేలిన నాడే తర్వాతి వయసు ట్రయల్‌కి నిధులు సిద్ధంగా ఉండాలి. ఎగ్జిమా ఉన్న పెద్దవాళ్ళలో, హెచ్‌ఐవి ఉన్నవాళ్ళలో ఎంవిఏ-బిఎన్‌ని పరీక్షించినవాళ్ళకి ఒక తల్లిగా చేతులెత్తి దండం పెడతాను. అది చేయవచ్చని వాళ్ళు చూపించారు. మా పాపకి మొన్న పద్దెనిమిది నిండాయి. ఇప్పుడు అవసరమైతే తను ఈ వ్యాక్సిన్ వేయించుకోవచ్చు. రెండేళ్ళ వయసులో, ఒళ్ళంతా ఎర్రగా ఉన్న ఆ రోజుల్లో ఎంపాక్స్ మా వీధిలోకి వచ్చి ఉంటే, ఆ బిడ్డకి వేయడానికి మా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఇవాళ్టికీ ఆ వయసు బిడ్డల తల్లులు చాలామంది అదే టెన్షన్‌తో ఉన్నారు.

భద్రత అంటే ఒక మనిషి ఒంట్లో వైరస్ ఏం చేస్తుందన్నదే కాదు. బయటికి వెళ్ళాక ఏం చేస్తుందో కూడా చూడాలి. బ్రెజిల్‌లో వ్యాక్సీనియా పాడి పశువుల్లో తిరుగుతోంది, పాలు పితికేవాళ్ళ చేతుల మీద పుండ్లు వేస్తోంది. ఇంకో ఉదాహరణ పశువుల టీకాలదే. పశువులకి వచ్చే లంపీ స్కిన్ జబ్బు కూడా పాక్స్ వైరస్ వల్లే. రష్యాలో 2017లో పశువులకి సోకిన ఒక రకాన్ని పరీక్షిస్తే, అది రెండు వేర్వేరు టీకా వైరస్‌ల జన్యువులు అతుక్కుని పుట్టిన కొత్త రకమని తేలింది. ఇలా అతుక్కుని పుట్టిన రకాలు తర్వాత ఆసియాలో చాలా దూరం పాకాయి. సరిగ్గా పరీక్షించని ఒక టీకా బ్యాచ్‌లో ఒకటికి బదులు కొన్ని రకాల వైరస్‌లు కలిసి ఉండటమే దీనికి మూలమని జన్యు పరీక్షలు చెప్పాయి. ఒకే కణంలోకి రెండు పాక్స్ వైరస్‌లు వెళ్తే ముక్కలు మార్చుకుంటాయి, అది వాటి స్వభావం. కాబట్టి ఎంత తెలివిగా బలహీనపరిచినా, తయారీలో శుభ్రత లేకపోతే అంతా వృథా. టీకా తయారీకి మూలంగా వాడే ప్రతి విత్తన వైరస్‌నీ, ప్రతి పెద్ద బ్యాచ్‌నీ పూర్తిగా సీక్వెన్స్ చేసి, అంటే జన్యు అక్షరాలన్నీ చదివి, ఫలితం బయట పెట్టాలనే నియమం తెండి. పశువుల టీకాలకి కూడా. ఈ పని ఇప్పుడు రోజుల్లో అవుతుంది.

మీ ఫ్రీజర్లలో ఉన్న వైఫల్యాల గురించి కూడా ఒక మాట. నా చేతుల మీదుగా పని చేయని రకాలు చాలా వెళ్ళాయి. ఒక జన్యువు తీస్తే వైరస్ మరీ నీరసించి రక్షణే ఇవ్వలేదు. ఇంకోటి తీస్తే ఏ తేడా రాలేదు. అవి ఎక్కడా అచ్చు కాలేదు, పెట్టెల మీద నెంబర్లు రాసి పెట్టేశాం. ఇంకో దేశంలో ఇంకో టెక్నీషియన్ ఇప్పుడు అదే జన్యువు తీసి, అవే ప్లేట్లు లెక్కపెడుతూ ఉండొచ్చు. పనికిరానివి ఏవో కూడా అందరికీ చెప్పండి. నిధులిచ్చే ఒప్పందాల్లోనే ఆ షరతు రాయండి.

మీ ముందుకు వచ్చే తర్వాతి ట్రయల్ ప్రోటోకాల్‌లో, ఎవరిని చేర్చుకోకూడదో రాసే పేజీ ఒకటి ఉంటుంది. గర్భిణులు, ఏడాది లోపు పిల్లలు, ఎగ్జిమా ఉన్నవాళ్ళు, ఇమ్యూనిటీ తగ్గినవాళ్ళు, అలాంటివాళ్ళతో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. ఆ పేజీ అవసరమే, కొట్టేయమని అనను. ప్రతి పేరు పక్కన ఇంకో గడి గీయండి. వాళ్ళకి ఏ ట్రయల్‌లో, ఏ సంవత్సరంలో చోటు ఇస్తారో ఆ గడిలో రాయండి. రాయలేకపోతే ఎందుకు రాయలేకపోతున్నారో రాయండి. సంతకం పెట్టే ముందు ఆ గళ్ళు నిండాయో లేదో చూడండి.

ఇట్లు,
ఒక సెల్ కల్చర్ టెక్నీషియన్, ఒక తల్లి